ఇంట్లో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్: ఏ చార్జర్ కావాలి, ఎలా పెట్టించుకోవాలి

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "15 యాంప్స్ ప్లగ్గు సరిపోతుందా, 7.2 కిలోవాట్ల బాక్సు (గోడకు బిగించే చార్జర్) పెట్టించాలా?" దానికి జవాబు కింద ఉంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మీ మీటరు, వైరు, ఎర్త్ ఆ లోడు మోయగలవా అన్నది. గీజరు ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటుంది. కారు అలా కాదు, రాత్రి పదింటికి పెడితే తెల్లారేదాకా ఒకే తీరుగా కరెంటు లాగుతూ ఉంటుంది. గీజరుకు పదేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన పాయింటు, కారు పెట్టిన వారానికే నల్లబడటానికి కారణం ఇదే.

కాబట్టి బాక్సు ఏ కంపెనీది, యాప్ ఉందా, రంగు లైట్లు ఉన్నాయా అన్నవి తర్వాత చూద్దాం. డబ్బు ముందు ఎర్త్‌కీ, వైరుకీ పెట్టండి. ఇక్కడ చెప్పేవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సొంత ఇళ్లకూ అపార్టుమెంట్లకూ పనికొస్తాయి. వైరింగ్ పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. మీ పని లెక్కలు వేయడం, సరుకు చూసుకోవడం, చివర్లో పరీక్షలు దగ్గరుండి చేయించడం.

కావలసినవి

- తాజా కరెంటు బిల్లు, మీటరు ఫోటో ఒకటి
- కారు ఆన్‌బోర్డ్ చార్జర్ (కారు లోపలే ఉండే చార్జర్) ఎన్ని కిలోవాట్లో రాసి ఉన్న కాగితం (బ్రోషర్‌లో ఉంటుంది)
- మీటరు నుంచి కారు నిలిపే చోటు దాకా కొలత, మీటర్లలో. గోడల వెంట, మలుపులతో కలిపి కొలవండి
- రాగి వైరు లేదా ఆర్మర్డ్ కేబుల్ (ఇనుప తొడుగున్న కేబుల్), పైపు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు తొడుగులు), గ్లాండ్లు (కేబుల్ పెట్టెలోకి దూరే చోట బిగించేవి)
- ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే పడిపోయే బ్రేకరు), 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు; రెండూ కలిసి ఉన్న ఆర్‌సీబీవో అయినా సరే), పిడుగుల నుంచి కాపాడే ఎస్పీడీ
- ఎర్త్ గుంతకు కావలసిన సామాను
- పని అయ్యాక కొలవడానికి మల్టీమీటరు, ఎర్త్ టెస్టరు. ఎలక్ట్రీషియన్ దగ్గర ఎర్త్ టెస్టరు లేకపోతే అద్దెకు తెమ్మనండి. "అవసరం లేదు సార్, నాకు తెలుసు" అంటే వేరే మనిషిని చూసుకోవడం మేలు

1. రోజుకు ఎన్ని యూనిట్లు కావాలో లెక్క వేయండి

మన ఊళ్ల ట్రాఫిక్‌లో చాలా కార్లు యూనిట్‌కు 6 నుంచి 8 కిలోమీటర్లు ఇస్తాయి. 7 అనుకుందాం. చార్జింగ్‌లో పదిశాతం నుంచి పదిహేను శాతం దాకా వేడి రూపంలో పోతుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే గోడ నుంచి లాగేది సుమారు 7 యూనిట్లు. 15 యాంప్స్ ప్లగ్గు మీద నడిచే పోర్టబుల్ చార్జర్ గంటకు దాదాపు 3 యూనిట్లు లాగుతుంది. అంటే రెండున్నర గంటల పని. రాత్రంతా పది గంటలు పెడితే 180 కిలోమీటర్ల దాకా వస్తుంది.

రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు 15 యాంప్స్ పాయింటు చాలు, దాన్ని సరిగ్గా వేయిస్తే. షోరూమ్‌లో ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు.

7.2 కిలోవాట్లు నిజంగా ఎవరికి కావాలి? ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవాళ్లకు. కారును ట్యాక్సీగా తిప్పేవాళ్లకు. రాత్రి పదకొండింటికి విజయవాడ నుంచి వచ్చి పొద్దున్నే ఆరింటికి మళ్లీ బయల్దేరేవాళ్లకు. పెద్ద బ్యాటరీ కార్లవాళ్లకు కూడా: మహీంద్రా బీఈ 6లో 79 కిలోవాట్ అవర్ (అంటే 79 యూనిట్లు) బ్యాటరీ ఉన్నదాన్ని ఖాళీ నుంచి నింపాలంటే 15 యాంప్స్ ప్లగ్గు మీద ముప్పై గంటలు పడుతుంది. 45 కిలోవాట్ అవర్ నెక్సాన్‌కు అదే ప్లగ్గు మీద 17 గంటలు, 7.2 బాక్సు మీద 7 గంటలు వేసుకోండి. అయితే ఎవరూ రోజూ సున్నా నుంచి నింపరు. నిన్న వాడినంతే ఇవాళ నింపుతారు.

2. కారు ఎంత తీసుకోగలదో చూడండి

గోడ మీది బాక్సు నిజానికి ఒక తెలివైన స్విచ్చు. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే అసలు చార్జర్ కారులోనే ఉంటుంది. దాని సామర్థ్యం 3.3 కిలోవాట్లు అయితే మీరు 22 కిలోవాట్ల బాక్సు పెట్టినా కారు 3.3 మాత్రమే తీసుకుంటుంది. ఎంజీ కామెట్ మొదట వచ్చినప్పుడు 3.3 తోనే వచ్చింది. టియాగో ఈవీలో కొన్ని వేరియంట్లకు 3.3, కొన్నింటికి 7.2 ఉన్నాయి. అలాగే త్రీఫేజ్ ఉంది కదా అని 11 కిలోవాట్ల బాక్సు కొనేవాళ్లున్నారు. మీ కారులో 7.2 చార్జర్ ఉంటే ఆ బాక్సు మూడు ఫేజుల్లో ఒక్కదాన్నే వాడుతుంది, మిగతా రెండూ ఊరికే ఉంటాయి. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లా 11 కిలోవాట్ల ఏసీ చార్జింగ్ తీసుకునే కారైతేనే ఆ ఖర్చుకు అర్థం ఉంది.

మరో నాలుగేళ్లలో పెద్ద కారు కొంటామన్న ఆలోచన ఉంటే, ఇప్పుడు కేబుల్ మాత్రం పెద్దది లాగించండి, బాక్సు చిన్నదే పెట్టుకోండి. బాక్సు మార్చడం గంట పని, గోడలు మళ్లీ కొట్టడం రోజుల పని.

3. బిల్లు, మీటరు చదవండి

బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మీరు వాడుకుంటామని రాయించుకున్న గరిష్ఠ లోడు) అని కిలోవాట్లలో ఉంటుంది. చాలా ఇళ్లలో అది ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు రాయించుకున్న 2 లేదా 3 కిలోవాట్లు. ఒక ఏసీ, ఒక గీజరు, దానికి తోడు కారు అంటే 15 యాంప్స్ మీదైనా 6 కిలోవాట్లు దాటిపోతుంది.

తర్వాత మీటరు ముఖం మీద చూడండి. సింగిల్ ఫేజ్ మీటర్ల మీద 5-30A అనో 10-60A అనో ముద్రించి ఉంటుంది. 7.2 కిలోవాట్ల బాక్సు ఒక్కటే 32 యాంప్స్ లాగుతుంది. కాబట్టి 5-30 మీటరు మీద ఆ బాక్సు పెట్టే మాటే లేదు. ఈ ఒక్క అంకె చూడకుండా బాక్సు బిగించేసి, మీటరు టెర్మినళ్లు మాడాక లైన్‌మన్ కోసం పరుగులు తీసేవాళ్లు చాలామంది.

లోడు పెంచుకోవడానికి తెలంగాణలో టీజీఎస్పీడీసీఎల్ లేదా టీజీఎన్పీడీసీఎల్, ఆంధ్రప్రదేశ్‌లో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్పీడీసీఎల్‌లలో మీ ప్రాంతపు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఏదైతే దాని వెబ్‌సైట్‌లోనో, సెక్షన్ ఆఫీసులోనో దరఖాస్తు పెట్టాలి. డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాక అవసరాన్నిబట్టి మీటరు మారుస్తారు, త్రీఫేజ్ ఇస్తారు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు పాతదైతే దాన్ని కూడా మార్పించండి. మీటరు తర్వాత ఎంత మంచి వైరు వేసినా, మీటరు ముందు సన్నటి వైరు ఉంటే వోల్టేజీ అక్కడే పడిపోతుంది.

వేరే మీటరు తీసుకోవాలా?

కారుకు ఇంటి కనెక్షన్ వాడుకోవచ్చు, అందుకు లైసెన్సు ఏమీ అక్కర్లేదు. కావాలంటే ఈవీ చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ అడిగే హక్కును 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇచ్చాయి. కొత్త కనెక్షన్లకు గడువును కూడా అవే తగ్గించాయి: మెట్రో నగరాల్లో 3 రోజులు, మిగతా పట్టణాల్లో 7, పల్లెల్లో 15.

లాభమా నష్టమా అన్నది స్లాబుల (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్ల) మీద ఆధారపడి ఉంటుంది. తెలంగాణలో 2022-23 స్లాబులతో ఒక లెక్క చూడండి. నెలకు 250 యూనిట్లు వాడే ఇల్లు. ఎనర్జీ చార్జీలు: మొదటి 200కు 5.10 చొప్పున 1,020, తర్వాతి 50కి 7.70 చొప్పున 385, మొత్తం 1,405 రూపాయలు. కారు నెలకు 190 యూనిట్లు కలిపితే 440 అవుతుంది. అప్పుడు 1,020 + 770 + 900 + 380, అంటే 3,070. పెరిగింది 1,665. కారు తాగిన ఒక్కో యూనిట్ ధర 8 రూపాయల 76 పైసలు పడింది, ఎందుకంటే అవన్నీ పై స్లాబుల్లో చేరాయి.

ఇదే లెక్క మీ బిల్లుతో, ఇప్పుడు అమల్లో ఉన్న టారిఫ్‌తో వేయండి. వచ్చిన అంకెను ఈవీ కేటగిరీ (చార్జింగ్‌కు విడిగా ఇచ్చే కనెక్షన్) యూనిట్ ధరతో పోల్చండి. విడి మీటరుకు ఫిక్స్‌డ్ చార్జీలు నెలనెలా పడతాయని మరిచిపోవద్దు. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సాధారణంగా ఆ తలనొప్పి అక్కర్లేదు. 1,500 దాటితే తప్పకుండా లెక్క వేసుకోవాలి.

సోలార్ పెట్టించే ఉద్దేశం ఉంటే రెండూ కలిపి ఆలోచించండి. 3 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) ఉన్న ఇంటికి ఈవీ విడి మీటరు కంటే ఇంటి మీటరు మీదే కారు పెట్టుకోవడం లాభం.

4. ఎర్త్: ఇక్కడ తొందరపడొద్దు

మన దగ్గర మామూలు ఇళ్లకు డిస్కమ్ ఇచ్చేది ఫేజు, న్యూట్రల్. ఎర్త్ మనమే పెట్టుకోవాలి. కారు చార్జర్లు ఎర్త్ సరిగ్గా లేకపోతే ఎర్ర లైటు వేసి మొండికేస్తాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ ఇన్నాళ్లూ ఎర్త్ లేకుండానే నడిచాయన్న సంగతి చాలా ఇళ్లలో ఆ రోజే బయటపడుతుంది.

చార్జర్‌కు విడిగా ఒక ఎర్త్ గుంత తవ్వించండి. పాత పద్ధతిలో రెండున్నర మూడు మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. ఇప్పుడు కెమికల్ ఎర్తింగ్ రాడ్లు దొరుకుతున్నాయి, రాడ్ చుట్టూ బెంటోనైట్ లాంటి మట్టి నింపుతారు. ఏదైనా సరే, కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. గోదావరి, కృష్ణా డెల్టా నేలల్లో ఒక్క రాడ్‌తోనే రావచ్చు. హైదరాబాద్‌లో నాలుగడుగులు తవ్వగానే బండ తగిలే చోట్ల రాదు. అలాంటప్పుడు మూడు మీటర్ల ఎడంతో రెండో గుంత తవ్వి రెండింటినీ కలపాలి. సముద్రం ఒడ్డున ఉప్పు గాలికి జీఐ త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ రాగి పూత ఉన్న రాడ్ వాడండి.

ఎర్త్ బాగుందో లేదో మల్టీమీటరుతో పూర్తిగా తెలియదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 చూపించిందని సంబరపడొద్దు. మల్టీమీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి, పాడైపోయిన ఎర్త్ మీద కూడా 230 చూపిస్తుంది. ఓమ్‌లలో కొలిచే ఎర్త్ టెస్టరు కావాలన్నది అందుకే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. ఎర్ర లైటు పోవడానికి కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ లోపల న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. వెంటనే పచ్చ లైటు వస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఏ గాలివానకో బయట న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. తడి నేల మీద నిలబడి డోరు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. పని అయ్యాక సాకెట్ మూత విప్పించి అలాంటి ముక్క లేదని కళ్లతో చూడండి. మొహమాటపడొద్దు.

5. వైరు, పైపు

కారు పాయింటుకు మీటరు బోర్డు నుంచి విడిగా లైను రావాలి. మధ్యలో ఏ ఇతర పాయింటూ ఉండకూడదు, అతుకులు ఉండకూడదు. రాగి వైరైతే ఈ కొలతలు పాటించండి:

- 15 యాంప్స్ పాయింటుకు: 30 మీటర్ల దాకా 4 స్క్వేర్ ఎంఎం
- 7.2 కిలోవాట్ల బాక్సుకు: 20-25 మీటర్ల దాకా 6 స్క్వేర్ ఎంఎం, 40 దాకా 10 స్క్వేర్ ఎంఎం

ఈ దూరాల్లో వోల్టేజీ తగ్గుదల ఆరు వోల్టుల దగ్గర ఆగుతుంది. ఎర్త్ వైరు కూడా ఫేజు వైరు అంత లావే ఉండాలి. మట్టిలోనో, సెల్లార్ గోడల వెంటో పోయే లైనుకు ఆర్మర్డ్ కేబుల్ మంచిది, ఎలుకలు కొరకవు.

అల్యూమినియం చవక అని సలహా ఇస్తారు. వాడొచ్చు, కానీ ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకోవాలి, చివర్లకు బైమెటల్ (రాగి, అల్యూమినియం కలిసిన) లగ్గులు వేసి క్రింప్ చేయాలి. అల్యూమినియం వైరును నేరుగా ఎంసీబీ స్క్రూ కింద దూరిస్తే కొన్ని నెలల్లో వదులై వేడెక్కుతుంది. ఇళ్లలో ఆ చివరి పని శ్రద్ధగా చేసేవాళ్లు తక్కువ. చిన్న దూరాలకు రాగితోనే పోనివ్వండి.

6. బ్రేకర్లు

ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ఎర్త్ 5 ఓమ్‌లు ఉన్నచోట ఫేజు వచ్చి బాడీకి తగిలితే పారేది 230 బై 5, అంటే 46 యాంప్స్. 40 యాంప్స్ ఎంసీబీ దానికి వెంటనే పడదు. 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ మాత్రం కన్ను మూసి తెరిచేలోగా పడిపోతుంది. ఇల్లంతటికీ ఒకటి ఉన్నా, కారు లైనుకు విడిగా పెట్టండి.

షాపులో ఆర్‌సీసీబీ అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది ఏసీ (AC) టైపు. కారు చార్జింగ్‌కు అది సరిపోదు, ఎందుకంటే కారు ఎలక్ట్రానిక్స్ నుంచి లీకయ్యే కరెంటు మామూలు అలలా ఉండదు. కనీసం 'ఏ' (A) టైపు కావాలి. గుర్తుపట్టడం తేలిక: డబ్బా మీద చిన్న పెట్టెలో ఒక్క అల గుర్తే ఉంటే ఏసీ టైపు. అల కింద సగం గుబ్బల్లాంటి గీత కూడా ఉంటే 'ఏ' టైపు. వాటికి తోడు తిన్నని గీత కూడా ఉంటే బీ టైపు. మీ చార్జర్ స్పెసిఫికేషన్లలో "6 మిల్లీయాంప్స్ డీసీ లీకేజీ డిటెక్షన్" ఉందని రాసి ఉంటే 'ఏ' టైపు చాలు. లేకపోతే ఖర్చు ఎక్కువైనా బీ టైపే కావాలి. ఈ మాట బాక్సు కొనకముందే అడగండి. వెయ్యో రెండు వేలో తక్కువకు వచ్చిన బాక్సు, బీ టైపు బ్రేకరు ధరతో కలిపితే చివరికి ఖరీదైనదే అవుతుంది.

32 యాంప్స్ బాక్సుకు 40 యాంప్స్ సీ కర్వ్ (క్షణకాలపు పెద్ద కరెంటుకు ఊరికే పడని రకం) ఎంసీబీ, 15 యాంప్స్ పాయింటుకు 20 యాంప్స్ ఎంసీబీ. సరిగ్గా 32కు 32 పెడితే వేసవి మధ్యాహ్నం డీబీ (బ్రేకర్లుండే పెట్టె) వేడెక్కి ఊరికే పడిపోతుంటుంది. అయితే ఆ 40 పెట్టాలంటే వైరు 6 స్క్వేర్‌కు తక్కువ ఉండకూడదు. ఎంసీబీ పడుతోందని పెద్దది మార్చి సన్నటి వైరు అలాగే వదిలేయడం ఇల్లు కాల్చుకునే పద్ధతి.

7. ఎక్కడ బిగించాలి

కారు చార్జింగ్ మూత ఏ వైపు ఉందో చూసి, కారు మామూలుగా ఎటు తిప్పి పెడతారో అటు గోడ ఎంచుకోండి. కొన్నింటికి ముందు గ్రిల్ దగ్గర, కొన్నింటికి వెనక ఫెండర్ మీద ఉంటుంది. కేబుల్ నేల మీద అడ్డంగా పడి ఉండకూడదు. ఎత్తు నేల నుంచి నాలుగైదు అడుగులు. సెల్లార్‌లో వాననీళ్లు చేరే ఇల్లైతే గత వానాకాలం మరక గోడ మీద ఎక్కడిదాకా ఉందో చూసి దానికి బాగా పైన పెట్టండి. ఆరుబయట అయితే ఐపీ 65 (దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి దూరని రక్షణ) ఉన్న బాక్సు తీసుకుని, పైన చిన్న రేకు కూడా వేయించండి. వానకంటే మన ఎండే ప్లాస్టిక్‌ను త్వరగా పాడు చేస్తుంది.

15 యాంప్స్ పాయింటు అయితే ఇంట్లో వాడే మాడ్యులర్ సాకెట్ వద్దు. మంచి కంపెనీ 16 యాంప్స్ మెటల్‌క్లాడ్ (లోహపు పెట్టెలోని) సాకెట్, మూతతో ఉన్నది పెట్టండి. సాకెట్ వదులైతే బాగుచేయించే ఆలోచన వద్దు, మార్చేయండి.

8. అపార్టుమెంట్ అయితే

ఇక్కడ వైరుకంటే మాటలే ఎక్కువ పని. అసోసియేషన్‌కు కాగితం ఇచ్చేటప్పుడు మూడు విషయాలు స్పష్టంగా రాయండి: కరెంటు మీ సొంత మీటరు నుంచే వస్తుంది, కేబుల్ ఏ దారిన పోతుంది, ఏ బ్రేకర్లు పెడుతున్నారు. కమిటీలో అడిగేది ఎప్పుడూ "మంటలు వస్తే?" అనే. పైన చెప్పిన ఆర్‌సీసీబీ, ఎర్త్ కొలత కాగితం చూపిస్తే చాలావరకు మాట తెగుతుంది.

కామన్ మీటరు నుంచి, అంటే లిఫ్టు, మోటారు లైను నుంచి తాత్కాలికంగా ఇస్తామన్నా ఒప్పుకోకండి. నెల తిరిగేసరికి బిల్లు గొడవ అక్కడే మొదలవుతుంది. జనరేటర్ బ్యాకప్ ఉన్న భవనంలో మీ లైను బ్యాకప్ లేని వైపు నుంచే రావాలి. లేకపోతే కరెంటు పోగానే జనరేటర్ మీద మీ కారు ఎక్కి కూర్చుంటుంది. ఇంటి ఇన్వర్టర్‌కూ ఇదే మాట.

పదిమందికి ఎలక్ట్రిక్ కార్లు వచ్చే పెద్ద కమ్యూనిటీ అయితే ఎవరికి వాళ్లు వైర్లు లాక్కోవడం కంటే, అందరూ కలిసి ఈవీకి ఒక విడి కనెక్షన్ తీసుకుని, ఒక్కో స్లాటుకు సబ్‌మీటరు పెట్టుకోవడం శుభ్రంగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ముందే అడిగి తెలుసుకోండి.

9. మొదటి రోజు పరీక్షలు

డబ్బు ఇచ్చే ముందే ఇవి చేయించండి.

ఒకటి, ఎర్త్ టెస్టరుతో కొలత, 5 ఓమ్‌ల లోపు. అంకె కాగితం మీద రాయించుకుని తారీఖు వేయించండి.

రెండు, మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ. రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. పదో పదిహేనో ఉంటే ఎర్త్ గానీ, బయటి న్యూట్రల్ గానీ బాగాలేదు. కచ్చితంగా సున్నా ఉండి, లోడు పెట్టినా కదలకపోతే అనుమానించండి. రెండూ ఎక్కడో కలిపేసి ఉండొచ్చు.

మూడు, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడాలి.

నాలుగు, కారు పెట్టకముందు పాయింటు దగ్గర వోల్టేజీ రాసుకోండి, చార్జింగ్ మొదలయ్యాక మళ్లీ చూడండి. అదే సమయంలో మీటరు దగ్గర కూడా రెండుసార్లూ కొలవండి. మీటరు దగ్గర తగ్గినదానికంటే పాయింటు దగ్గర ఏడెనిమిది వోల్టులు ఎక్కువ తగ్గితే మీ వైరింగ్‌లో లోపం ఉంది. మీటరు దగ్గరే బాగా పడిపోతే సర్వీసు వైరుదో, ట్రాన్స్‌ఫార్మర్‌దో సమస్య. అది డిస్కమ్‌కు చెప్పాలి.

ఐదు, అరగంట చార్జింగ్ తర్వాత ఆపేసి ప్లగ్గు, సాకెట్, ఎంసీబీ మూతల మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే స్క్రూ వదులుగా ఉన్నట్టే. మొదటి వారంలో రాత్రి పడుకునే ముందు ఇదే మళ్లీ చూడండి. రాత్రంతా పెట్టే మొదటి చార్జింగ్‌ను సెలవు రోజు పగటిపూట చేస్తే టెన్షన్ ఉండదు.

జనం ఎక్కువగా చేసే తప్పులు

ఎక్స్‌టెన్షన్ బాక్సు. బాల్కనీ నుంచి కిందికి వైరు వేలాడదీసి చార్జింగ్ పెట్టడం ఇప్పుడు కాలనీల్లో మామూలు దృశ్యం. ఆ బాక్సుల్లో ఉండే వైరు పది గంటల పాటు 15 యాంప్స్ మోయడానికి చేసింది కాదు. చుట్ట విప్పకుండా పెడితే లోపలే కరిగిపోతుంది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు తప్పనిసరైతే, పోర్టబుల్ చార్జర్‌లోనో కారు తెర మీదో యాంప్స్ తగ్గించే వీలుంటే 8కో 10కో తగ్గించి, పాత గీజరు పాయింటు కంటే ఏసీ పాయింటు ఎంచుకోండి. అది కూడా గంటకోసారి చెయ్యి పెట్టి చూసుకుంటూనే.

షోరూమ్ ఉచిత ఇన్‌స్టలేషన్‌ను పూర్తిగా నమ్మడం ఇంకొకటి. అందులో సాధారణంగా కొన్ని మీటర్ల కేబుల్ వరకే ఉచితం, ఎర్త్ గుంత తరచూ మీ ఖాతాలోనే. వచ్చే కేబుల్ సైజు ఎంత, ఆర్‌సీసీబీ ఏ టైపు అన్నది రాతపూర్వకంగా అడిగి, కావాలంటే తేడా డబ్బులు కట్టి పెద్ద సైజు వేయించుకోండి.

అర్ధరాత్రి చార్జింగ్ ఆగిపోతే వెంటనే చార్జర్‌ను తిట్టుకోకండి. లోడు తగ్గే ఆ వేళలో కొన్ని ప్రాంతాల్లో వోల్టేజీ 260 దాకా ఎక్కుతుంది, చార్జర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుంది. రెండు మూడు రాత్రులు వోల్టేజీ రాసుకుని సెక్షన్ ఆఫీసులో చూపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని పైకీ కిందికీ సర్దే అమరిక) సరిచేయించే అవకాశం ఉంటుంది. వానాకాలంలో మాత్రమే ఆర్‌సీసీబీ పడుతోందంటే ఎక్కడో తేమ దూరుతోంది. గ్లాండ్లూ పైపు చివర్లూ చూడండి. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

తర్వాతి చాకిరీ

నెలకోసారి టెస్ట్ బటన్. పని జరిగిన నెలరోజులకు మెయిన్ ఆపించి స్క్రూలన్నీ ఒకసారి బిగించాలి. కొత్త రాగి వైరు వేడికి కాస్త సర్దుకుని మొదట్లో వదులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బొగ్గు-ఉప్పు గుంతలో వారానికోసారి ఒక బకెట్ నీళ్లు పోయండి, ఏడాదికోసారి ఓమ్‌లు కొలిపించి పాత కాగితం పక్కన రాసుకోండి.

అద్దె ఇంట్లో ఉంటే ఇంటి ఓనరుతో ముందే మాట్లాడుకోండి. ఎర్త్ గుంత, గోడలోని పైపు ఇంటికే ఉండిపోతాయి. బాక్సు, బ్రేకర్లు, పైకి కనిపించేలా క్లాంపులతో బిగించిన ఆర్మర్డ్ కేబుల్ మీవి, ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్లొచ్చు. అందుకే అద్దె ఇళ్లలో వైరును గోడలోపల దాచకుండా పైనే లాగించండి. కొత్త ఇంట్లో ఇంకాస్త దూరం పడొచ్చు, కొనేటప్పుడే ఐదారు మీటర్లు ఎక్కువ తీసుకుని మీటరు దగ్గర వెడల్పాటి వంపుగా వదిలితే అక్కడ అతుకు వేయాల్సిన పని ఉండదు.